ఒక్క పొద్దున రెండుసార్లు ఆటు

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నది ఆరుగురు ఆడవాళ్ళు. కిటికీ కింద చాప మీద నాయనమ్మ. నడింట్లో పొడుగాటి బల్లకు అటూ ఇటూ నేల మీద కూర్చుని, చెట్టు బెరడు సాగగొట్టి చేసిన గుడ్డను జిగురుతో అతికిస్తున్న మేనత్త లోసాలిన్, అమ్మ, పక్కింటి వీకా. వీకా కూతురు పిసీలా గుమ్మం దగ్గర గోడకానుకుని, కాళ్ళు బారజాపుకుని, నిన్నటి రొట్టె తింటోంది. ఆరో మనిషి ఈ నాయనమ్మకు మనవరాలు లెసియెలి. ఆమె అప్పుడే పగడపు దిబ్బల మీద గవ్వచేపలు ఏరుకుని వచ్చి, నీళ్ళు కారుతున్న గంపను వాకిలి మెట్టు మీద దించింది.

మగవాళ్ళెవరూ లోపల లేరు. దగ్గరలో ఉన్న ఒక్కడూ లోసాలిన్ కొడుకు పౌలియాసి. బడి ఆడపిల్లల నెట్‌బాల్ జట్టుకు అతను కోచ్. పిల్లల్ని మైదానానికి తీసుకుపోయే లారీ పక్కన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. చెల్లెలు ఉన్న ఇంట్లోకి అన్న అడుగు పెట్టడు. మేనత్త కొడుకంటే ఆ దీవుల్లో అన్నే, ఇంకో వరస లేదు.

గంప దించుతూనే లెసియెలికి ఏదో తేడాగా తోచింది. అందరూ చేతిలో పని ఆపి ఆమె వంక చూశారు. చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిలో పడ్డారు. అప్పుడు కనిపించింది, పిసీలా మెడలో 'సి' అక్షరం ఉన్న నీలం గుడ్డ. నెట్‌బాల్‌లో సెంటర్ ఆడే పిల్ల చొక్కా మీద వేసుకునేది.

"అది నాది కదే?" అంది లెసియెలి.

"నిన్నటిదాకా," అంది పిసీలా నములుతూ. "నీకు ఆటు వచ్చిందట కదా. ఆటు వస్తే ఆట లేదు."

"ఎవరికొచ్చింది?"

"నీకే."

"నాకేం రాలేదు!"

"ఆ సంగతి నాకు చెప్తే ఏం లాభం తల్లీ? నేనేమన్నా కోచ్‌నా?"

ఈ ఆటుపోట్ల గొడవ తుఫానుల నెలల్లో మొదలైంది. పెద్ద దీవి నుంచి ఒక నర్సు బడికి వచ్చి, మగపిల్లల్ని బయటికి పంపి, జట్టులోని ఆడపిల్లలతో మాట్లాడింది. ఆడదాని ఒళ్ళు నెలంతా ఒక్కలాగే ఉండదని చెప్పింది. నెలసరి రోజులు, అవి అయిపోయాక వచ్చే రోజులు, నెల నడుమ, మళ్ళీ నెలసరికి ముందు రోజులు, ఇలా ఒక్కో భాగంలో ఒంట్లో హార్మోన్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయట. దాంతో కొందరికి పరుగు మందగిస్తుందట, కొందరికి నిద్ర చెడుతుందట, కొందరికి అసలు ఏ తేడా తెలియదట. "దీని మీద డాక్టర్లకే ఇంకా పూర్తిగా మాట కుదరలేదు. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. ఎవరి ఒంటిని వాళ్ళే కనిపెట్టుకోండి, కనిపెట్టింది కోచ్‌కి చెప్పండి," అంది. అంతవరకూ అందరూ తలూపుతూ విన్నారు. 'కోచ్‌కి చెప్పండి' దగ్గర మాత్రం గదిలో సగం మంది తలలు దించేశారు. పౌలియాసి ఆ సగం మందికీ ఏదో ఒక వైపు నుంచి అన్న. అన్నతో చెల్లెలు ఒంటి సంగతులు మాట్లాడకూడదు.

తర్వాత నర్సు అతన్ని కూడా విడిగా పిలిచి చెప్పింది. అతను చెమటలు కక్కుతూ, నేల చూపులు చూస్తూ, వినీ విననట్టు విన్నాడు. చివరికి అతని బుర్రలో మిగిలింది ఒక్కటే: నెలసరి రోజుల్లో జాగ్రత్త. అంతకు ముందు ఏడు అతని జట్టులో ఒక పిల్ల పడితే మోకాలి కీలు దెబ్బతింది. ఇప్పటికీ కుంటుతూనే చర్చికి వస్తుంది. ఆ పిల్ల నడక చూసినప్పుడల్లా అతనికి ముద్ద దిగదు. ఆ మోకాలికీ ఈ రోజులకూ సంబంధం ఉందని నర్సు అనలేదు. అయినా అతను రెంటికీ ముడి వేసుకుని ఒక నియమం పెట్టేశాడు. ఆ రోజుల్లో ఉన్న పిల్ల ఆడదు, బెంచీ మీద కూర్చుంటుంది. మంచి మనసుతోనే పెట్టాడు. చెడ్డ మనసుతో పెట్టిన నియమమైతే ఎవరో ఒకరు ఎదురు తిరుగుతారు. మంచి మనసుతో పెట్టినదాన్ని కదిలించాలంటే దేవుడు దిగి రావాలి.

నియమమైతే ఉంది. ఎవరికి ఎప్పుడన్నది అతనికి తెలిసేదెలా? దారి లోసాలిన్ కనిపెట్టింది. మేనత్త ఆ ఇంట్లో అందరికన్నా పై మనిషి. లెసియెలి నాన్న అంతటివాడు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పడు. "మాట మార్చేస్తే సరి," అందావిడ. "ఆ రోజులైతే ఆటు, కాకపోతే పోటు. నేను వాడికి చెప్తాను. సముద్రం గురించి అన్నాచెల్లెళ్ళ మధ్య మాటొచ్చినా తప్పులేదు కదా!" దీవిలో పుట్టిన ప్రతివాళ్ళూ పొద్దున లేచి మొదట మాట్లాడేది ఆటుపోట్ల గురించేనన్న సంగతి ఆవిడకు తట్టలేదు. పైగా ఈ ఏర్పాటు నాయనమ్మకు చెప్పాలని ఎవరికీ గుర్తు లేదు.

"అసలేం జరిగింది?" అంది లెసియెలి. రేపు ఆదివారం, వంట తప్ప ఎవరూ ఏ పనీ చేయకూడదు. గుంటపొయ్యిలోకి కావలసినవన్నీ ఇవాళే చూసుకోవాలి. అందుకని తెల్లారగానే గంప పట్టుకుని సముద్రానికి పోయింది. పోయిన ఆ కాస్సేపట్లో కొంప మునిగింది.

పిసీలా రొట్టె పక్కన పెట్టి, రెండు గొంతులూ తనే పెట్టి చూపించింది. "మీ అత్త జిగురు కాయడానికి పెరట్లోకి పోయింది. మీ అన్న కిటికీ బయట నిలబడి, 'లెసియెలికి ఆటా, పోటా?' అన్నాడు. మీ నాయనమ్మేమో, 'ఆటే నాయనా, నిండు ఆటు! ఇంతగా తగ్గి ఎన్నాళ్ళయిందో! పిల్ల చూసి ఆగలేకపోయింది, పరుగో పరుగు!' అంది. పాపం, మీ అన్న ముఖం చూసి ఉండాల్సింది. ఉడికించిన పీత నయం."

వీకా నవ్వాపుకోలేక జిగురు పిండి మీద తుమ్మింది. అమ్మ కూడా పెదవి కొరుక్కుంది. లెసియెలికి మాత్రం నవ్వు రాలేదు.

ఇవాళ ఎంపిక. పెద్ద దీవి నుంచి వచ్చిన ఒకావిడ మైదానం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఈ చుట్టుపక్కల దీవులన్నిటి తరఫున ఆడే వవావు జట్టుకు సెంటర్‌ని ఎంచుకుంటుంది, ఒక్కరినే. లెసియెలికి నోరు లేదని ఊరంతా అంటారు. బడిలో టీచరు పేరు పెట్టి పిలిస్తే బల్లలోకి చూస్తుంది. చర్చిలో పాడితే పక్క మనిషికి వినపడదు. మైదానంలో మాత్రం "నాకు! నాకు!" అని బంతి కోసం ఆమె పెట్టే కేక రేవు దాకా పోతుంది. ఆ కేక తనదేనా అని తనకే ఆశ్చర్యం. ఈ ఏడుతో బడి అయిపోతుంది. బడి అయిపోయిన పిల్లకు చేతిలో చీపురు పెడతారు గాని బంతి ఎవరు పెడతారు?

"అత్తయ్యా, ఒక్క మాట చెప్పండి అన్నయ్యకి. పోటు అనండి, చాలు."

"చేతులు చూడవే, మోచేతుల దాకా జిగురు."

"చేతులతో పనేముంది? కిటికీలోంచి కేకేస్తే చాలు కదా!"

"నోరు లేని పిల్లకి పొద్దున్నే నోరొచ్చింది," అంది లోసాలిన్. అయినా మోకాళ్ళ మీద లేచి, కిటికీ వైపు తిరిగి అరిచింది. "పౌలియాసీ! పోటేనట! పొద్దున మీ అమ్మమ్మ చెప్పింది అసలు సముద్రం సంగతి!"

"అసలు సముద్రమా?" అని రోడ్డు మీంచి వినిపించింది.

"ఆఁ, అసలు సముద్రం! మన సముద్రం కాదు!"

"సరే అమ్మా, సరే! అరవకు!"

లారీ మీద అప్పటికే ఎక్కి కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. పిసీలా నిట్టూర్చి, నీలం గుడ్డ తలమీంచి లాగి, లెసియెలి ఒళ్ళోకి విసిరింది. "ఇదిగో. మెడ దగ్గర రొట్టె మరకుంది, అది ఊరికే."

లెసియెలి వెనక గదిలోకి పరిగెత్తి, ఉప్పునీళ్ళకు తడిసిన బట్టలు విప్పింది. విప్పి చూసుకుని, అక్కడే గోడకు తల ఆనించి నిలబడిపోయింది.

నెలసరి వచ్చేసింది.

ఈ నాలుగైదు రోజులుగా కాళ్ళకు తడిసిన కొబ్బరి గోనెలు కట్టినట్టు ఎందుకుందో అప్పుడు తెలిసింది. ఎంపిక కంగారనుకుంది గాని, ప్రతి నెలా ఇంతే. నెలసరికి ముందు రొమ్ములు సలుపుతాయి, బంతి వేళ్ళ మధ్య నిలవదు, అమ్మ "అన్నం తిన్నావా" అని అడిగినా ఏడుపొస్తుంది. మొదలయ్యాక అంతా మారిపోతుంది. ఆ పొద్దున కాసేపు పొత్తికడుపు మెలిపెడుతుంది. కాస్త పరిగెత్తి చెమట పట్టేసరికి నొప్పి సర్దుకుంటుంది. ఆపైన గొలుసు విప్పిన కుక్క లాగా ఉంటుంది ఒళ్ళు. నియమం లేని రోజుల్లో, నిరుటి ఈస్టర్ పోటీల్లో, అందరూ భుజాలు తట్టిన ఆట ఆమె ఆడింది అలాంటి రోజునే. అప్పుడు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అంటే ఇవాళ మంచి రోజు. ఇంతకన్నా మంచి రోజు కోరుకున్నా దొరకదు. ఈ సంగతి ప్రపంచంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఒంటికి పొడి గుడ్డ చుట్టుకుని బీరువా అంతా వెతికింది. ప్యాడ్లు లేవు. తలుపు సందులోంచి మెల్లగా, "అమ్మా, ప్యాడ్లెక్కడ పెట్టావు?" అంది.

అమ్మకు గుసగుస చేతకాదు. "ప్యాడ్లా? ఎందుకే? ఇప్పుడొచ్చిందా?" అంది గట్టిగా.

బల్ల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి. పిసీలా కూర్చున్న చోటు నుంచే అరచేయి చాపింది. "ఇటివ్వు."

"ఇవ్వను."

"నియమం నేను పెట్టలేదు తల్లీ. ఇటివ్వు."

లోసాలిన్ ముఖం ఎర్రబడింది. "ఇప్పుడే కదే నా చేత పోటని అరిపించావు! కన్నకొడుక్కి అబద్ధం చెప్పించావు!"

"అప్పటికి అది అబద్ధం కాదత్తయ్యా."

"ఇప్పుడు అయింది కదా! నేను చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని!" అని లెసియెలి అడ్డుపడే లోపే మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. "పౌలియాసీ! ఆటు!"

రోడ్డు మీద పౌలియాసి తల గోక్కున్నాడు.

"అమ్మా, ఇప్పుడే పోటన్నావు."

"ఇప్పుడే మారింది!"

"ఒక్క పొద్దున రెండుసార్లా? సముద్రానికైనా ఒక పద్ధతుంటుందమ్మా!"

లారీ మీద నవ్వులు ఈసారి ఆగలేదు. లెసియెలికి నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. నీలం గుడ్డ ఎప్పుడు చేతిలోంచి జారిందో, పిసీలా లేచొచ్చి దాన్ని మళ్ళీ మెడలో వేసుకుంది.

అప్పటిదాకా కునుకు తీస్తున్న నాయనమ్మ తలెత్తింది. "పొద్దున్నించీ ఆటు, పోటు, ఆటు, పోటు. మీరంతా దేని గురించే మాట్లాడుకునేది?"

వీకా వంగి ఆమె చెవిలో చెప్పింది. నాయనమ్మ నోరు తెరుచుకుంది. "అదా! ఆ ముక్క నాతో అనరేం? నేనా పిల్లాడికి సముద్రం కథంతా చెప్పాను కదే! 'మోకాలి లోతు కూడా లేదు, రాళ్ళన్నీ బయటపడ్డాయి, ఇంకా చాలాసేపు ఇంతే' అని కూడా చెప్పాను!"

ఇక ఆ ఇంట్లో ఎవరికీ పని సాగలేదు. వీకా బల్ల మీద పడి నవ్వింది. నవ్వు తగ్గాక, అడిగినవాళ్ళు లేకపోయినా, ఒక్కొక్కరే తమ సంగతులు విప్పారు.

"నేనైతే ఆ రోజుల్లో లేచేదాన్నే కాదు," అంది నాయనమ్మ. "మీ తాతే వంట. ఆయన దుంపలు మాడ్చేవాడు, నేను తినేదాన్ని."

"నాకైతే వచ్చిందీ పోయిందీ తెలిసేది కాదు," అంది లోసాలిన్. "తోటలో పొద్దంతా తవ్వేదాన్ని."

"నాకు ముందు రోజు తలనొప్పి," అంది అమ్మ. "ఆ తర్వాత ఏమీ ఉండదు."

"నాకు నెల నడుమ రెక్కలొస్తాయమ్మా," అంది వీకా. "ఆ రోజుల్లో ఇల్లంతా కడిగేస్తాను. మిగతా నెలంతా పిసీలాని తిడతాను."

"నిజం," అంది పిసీలా.

నలుగురికీ నాలుగు తీర్లు. నర్సు చెప్పిన మాటకు సాక్ష్యం ఎదుటే కూర్చుని జిగురు కలుపుతోంది. అయినా ఒక్కరికీ తట్టలేదు, ఈ పిల్ల తీరేమిటో ఒక మాట అడుగుదామని. లెసియెలి వెనక గది తలుపు పూర్తిగా తెరిచి గడప మీదికి వచ్చింది.

"నన్నెవరైనా అడుగుతారా?"

అది మైదానంలో కేక. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. నాయనమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"నాకు ఈ రోజే మంచి రోజు. నిన్నటిదాకా కాళ్ళు లేవలేదు. మొన్నంతా పోటు పోటంటూ నన్ను ఎండలో పరిగెత్తించారు, బంతి జారితే తిట్టారు. ఇవాళ కాళ్ళు లేస్తాయి, ఇవాళ కూర్చోమంటారు! ఏం న్యాయం ఇది?"

"నియమం నియమమే," అంది లోసాలిన్. కానీ మునుపటి గట్టితనం లేదు గొంతులో.

"నియమం పెట్టిందెవరు? జన్మలో నెలసరి రాని మనిషి!"

పిసీలాకు పొరబోయింది. అమ్మ ఆమె వీపు మీద చరిచింది.

లోసాలిన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాస్త నెమ్మదిగా మాట్లాడింది. "నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. వాడికి నేను చెప్పేదెట్లా? నా దగ్గర ఉన్నవి రెండే మాటలు. ఆటంటే కూర్చోబెడతాడు. పోటంటే అబద్ధం. 'ఆటే గాని ఈ ఆటులోనే పడవ బాగా పోతుంది' అంటే వాడు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు."

"పిసీలా చెప్పొచ్చు కదా," అంది అమ్మ. "దానికి అతను అన్న కాడు. ఏమైనా అనొచ్చు."

అందరూ పిసీలా వైపు తిరిగారు. పిసీలా 'సి' అక్షరాన్ని అరచేత్తో సవరించుకుంది. "చెప్తాను, చెప్పనన్నానా? రేపు, చర్చి అయ్యాక చెప్తాను. ఇవాళ చెప్పడానికి నాకేమన్నా పిచ్చా?"

బయట లారీ హారన్ మోగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

లెసియెలి అమ్మ ఇచ్చిన ప్యాడ్ పెట్టుకుని, ఆట బట్టలు తొడుక్కుని, గబగబా నడింట్లోంచి నడిచింది. ఎక్కడికే అని ఎవరో అన్నారు. ఆమె అప్పటికే గుమ్మం దాటింది, మెట్లు దిగింది. వట్టి కాళ్ళకు గులకరాళ్ళు గుచ్చుకున్నాయి.

చెల్లెలు తిన్నగా తన వైపే రావడం చూసి పౌలియాసి గాబరాగా లారీ వైపు తిరిగి, టైరును పరీక్షించడం మొదలుపెట్టాడు. ఆమె కాస్త దూరంలో ఆగింది. లారీ మీద పిల్లలంతా ఇటు తిరిగారు. వాళ్ళలో అతనికి చెల్లెళ్ళయ్యే సగం మంది, పొద్దుటి చలికి కప్పుకున్న దుప్పట్లు ముఖాల మీదికి లాక్కున్నారు. మిగతా సగం దుప్పట్లు పక్కకు తోసి మరీ చూస్తున్నారు.

"అన్నయ్యా," అంది లెసియెలి. ఆమె నోట ఆ పిలుపు అతను విని ఎన్నేళ్ళయిందో. "నాకు ఇవాళ నెలసరి వచ్చింది."

పౌలియాసి మెడలో తువ్వాలు తీసి తలమీంచి కప్పేసుకున్నాడు.

"ఆటు కాదు, పోటు కాదు, నెలసరి. అది వచ్చిన రోజుల్లో నేను బాగా పరిగెడతాను. రాకముందు రోజుల్లో పరిగెత్తలేను. కూర్చోబెట్టాలనుకుంటే అప్పుడు కూర్చోబెట్టండి. మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు, వాళ్ళని వాళ్ళనే అడగండి. మోకాలి గురించి మీకు భయమైతే ఆటకు ముందు ఎంతసేపు ఒళ్ళు వేడెక్కించుకోమంటే అంతసేపు పరిగెడతాను. ఇవాళ సెంటర్ నాకు కావాలి. నేను అడుగుతున్నాను."

చివరి మాటకు తువ్వాలు కింద అతని భుజాలు వాలిపోయాయి. చెల్లెలు నోరు తెరిచి అడిగినదాన్ని అన్న కాదనకూడదు. దీవిలో అది అందరికీ తెలుసు. అందుకే చెల్లెళ్ళు చీటికీ మాటికీ నోరు తెరవరు. లెసియెలి అతన్ని ఇంతవరకూ ఒక పండు కోసి పెట్టమని కూడా అడగలేదు.

అతను గొంతు సవరించుకుని టైరుతో అన్నాడు. "లారీ ఇంక ఆగదు. సెంటర్ ఎవరో వాళ్ళు ముందెక్కి కూర్చోవాలి. సెంటర్ గుడ్డ ఎవరి దగ్గరుందో వాళ్ళు... ఇచ్చెయ్యాలి. నర్సు మళ్ళీ వచ్చినప్పుడు నేను కూర్చుని మొత్తం వింటాను. ఇక ఈ రోడ్డు మీద ఎవరూ ఏ మాటా మాట్లాడకూడదు. దేవుడి పేరు చెప్పి అడుగుతున్నాను."

గుమ్మంలో నిలబడ్డ పిసీలా నీలం గుడ్డను మరోసారి తలమీంచి ఊడదీసింది. "దీన్ని తొడగడం, తియ్యడం, తొడగడం, తియ్యడం. ఇవాళ నాకింక వేడెక్కాల్సిన పని లేదు," అని గొణుగుతూ మెట్లు దిగి, గుడ్డ లెసియెలి చేతిలో పెట్టి, లారీ ఎక్కింది.

లెసియెలికి అప్పుడు కాళ్ళ వంక చూసుకుంటే గుర్తొచ్చింది. బూట్లు లోపలే ఉన్నాయి. వెనక్కి తిరిగి మెట్లెక్కేసరికి గుమ్మంలో లోసాలిన్, మోచేతుల దాకా ఎండిన జిగురుతో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"రోడ్డు మీద," అంది ఆవిడ. ఆయాసపడుతోంది. "అన్న ముందు. అంతమంది వింటుండగా. ఆ మాట!"

"మీ రెండు మాటలూ చాలలేదత్తయ్యా."

"నోరు ముయ్యి. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఆ నోరు?"

"అత్తయ్యా, నా బూట్లు..."

లోసాలిన్ లోపలికి వంగి ఒక బూటు తీసి మెట్ల మీదికి విసిరింది. తర్వాత రెండోది. అది పోయి గంపలో గవ్వచేపల మీద పడింది. "పో! గెలుస్తావో ఓడతావో నాకనవసరం. ఈ పూట నా కళ్ళబడకు."

లారీ హారన్ మోగింది. లెసియెలి బూట్లు ఏరుకుని, ఒక్క అడుగు ముందుకు వేసి, "మేజోళ్ళు కూడా..." అంది.

లోసాలిన్ ఆమె ముఖం మీదే తలుపు వేసేసింది.